రైలు కట్టిన ఊరు: ఖరగపూరు తెలుగువారు

బెంగాలీ లిపిలో ఆ ఊరి పేరును ఉన్నదున్నట్లు చదివితే ఖడ్గపురమనే వస్తుంది. ఇంగ్లీషువారు తమ నాలుకకు అనువుగా ఖరగ్‌పూర్ అన్నారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుండి పొట్ట చేతపట్టుకొని అక్కడికి పోయినవారు ఆ మాట తుదిని ఒక ఉకారం చేర్చి, తమ ఊళ్ల వరుసలో కలుపుకొని, ఖరగపూరు చేసుకున్నారు. ఇందా అనే పేటలో ఖడ్గేశ్వరుని ఆలయమున్నది. ఆ స్వామివల్లనే ఊరికి పేరు వచ్చినదని స్థలజ్ఞులు చెప్పుకుంటారు. సమీపాననే హిడింబేశ్వరి గుడి కూడ ఉన్నది. లక్కయింటినుండి తప్పించుకొని వచ్చిన పాండవులు తిరిగిన హిడింబవనం అదేనని అక్కడి ఐతిహ్యం. మన దేశంలో హిడింబవనం కాని అడవి ఎక్కడున్నది గనుక అని నవ్వుకోవచ్చును. కాని ఒకమాట నిజం. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలదాక ఆ తావు ఎర్రని కంకరనేల, సాలవృక్షాలు, అక్కడక్కడ చిన్న పల్లెలు. పట్టణమనేది అప్పటికి పుట్టలేదు.

తెలుగువాడు ఆ ప్రాంతం గుండా నడవడం మాత్రం రైలుకంటె పాతది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసునుండి కాశీకి బయలుదేరి, తిరుగుప్రయాణంలో కలకత్తా చూచుకొని, ఒరిస్సా తీరంవెంట దక్షిణానికి వచ్చి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. ఆనాడు కలకత్తానుండి జగన్నాథానికి పోయే బాట మేదినీపురం జిల్లా గుండానే సాగేది. బోయీల భుజాలమీద పదిహేను నెలలు జరిగిన ఆ ప్రయాణం మనకొక గొప్ప గ్రంథాన్ని ఇచ్చినది. తరువాత అదే దారిన రైలెక్కి కొన్ని వేలమంది తెలుగువారు పోయినారు, వచ్చినారు, చాలామంది అక్కడే ఉండిపోయినారు. వారినుండి గ్రంథమేదీ రాలేదు. వారు వ్రాయలేదు, వ్రాయగల మనం చూడలేదు. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

బంగాళా-నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. నాగపూరునుండి వచ్చిన దాని మార్గం 1891లో ఆసనసోలు చేరినది. అక్కడినుండి కలకత్తా పోవలెనంటే మరొక కంపెనీ పట్టాలమీద పోవలసి వచ్చేది. బొంబాయినుండి వచ్చే సరుకు తన పట్టాలమీదనే హౌరా చేరవలెనని కంపెనీ తలపెట్టినది. అదే కాలంలో, అంటే 1893కు 1896కు మధ్య, బెజవాడనుండి కటకందాక ఈస్టు కోస్టు స్టేటు రైల్వే పేరుతో ప్రభుత్వం తీరరేఖను నిర్మించినది. కటకంనుండి ఉత్తరానికి వచ్చే మార్గమూ, పడమటనుండి హౌరాకు పోయే మార్గమూ కలియడానికి ఎక్కడనో ఒక కూడలి కావలె. జిల్లా ముఖ్యపట్టణమైన మేదినీపురం కంసావతి నదికి ఆవలి ఒడ్డున ఉన్నది. నదికి ఈవల, వరదనీరు నిలువని మెరకనేల ఖరగపూరు. 1898కి 1900కి మధ్య ఆ కూడలి ఏర్పడినది. 1900లో రూపనారాయణ నదిమీద కోలాఘాటు వంతెన, గోదావరిమీద రాజమహేంద్రవరం దగ్గర హేవ్‌లాకు వంతెన, రెండూ సిద్ధమైనవి. కలకత్తానుండి మద్రాసుకు పోయే దారిలో పడవ దిగి ఎక్కవలసిన పని చాలవరకు తగ్గినది.

ఇంతవరకు ఇంజనీర్ల చరిత్ర. తెలుగువారికి సంబంధించిన సంగతి తరువాతి రెండేళ్లలో, కాగితాలమీద జరిగినది. తీరరేఖను ప్రభుత్వం రెండు ముక్కలు చేసి రెండు కంపెనీలకు అప్పగించినది. వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం 1901లో మద్రాసు రైల్వేకు పోయినది. వాల్తేరునుండి కటకందాక ఉన్న ఉత్తరభాగం, పూరీ శాఖతో సహా, 1902లో బంగాళా-నాగపూరు రైల్వేలో కలిసినది. వాల్తేరు దగ్గర గీత గీసినవారికి లెక్కలూ ఆదాయాలూ తప్ప మరొక ఆలోచన ఉండి ఉండదు. కాని ఆ గీత ఒక భాషాసమాజాన్ని రెండు దిక్కులకు త్రిప్పినది. తునివాడు, రాజమండ్రివాడు రైలులో ఉద్యోగమంటే మద్రాసువైపు, పెరంబూరువైపు చూచినాడు. విజయనగరంవాడు, ఆమదాలవలసవాడు, పలాసవాడు ఖరగపూరువైపు చూచినాడు. వాని స్టేషనులో కనిపించే టోపీమీద, టిక్కెట్టుమీద, గార్డు లాంతరుమీద ఉన్న మూడక్షరాలు బి.ఎన్.ఆర్. విశాఖలో వృద్ధులు ఇప్పటికీ ఆ మాట అంటారు. కంపెనీ పోయి ఎనుబది యేళ్లయినది.

కూడలి దగ్గర కంపెనీ తన ప్రధాన వర్క్‌షాపును నెలకొల్పినది. ఇంజన్లు, బోగీలు, సరుకు పెట్టెలు అన్నీ అక్కడే విప్పడం, అక్కడే బిగించడం. అట్టి కర్మాగారానికి వేలకొలది చేతులు కావలె. చుట్టుపట్ల ఉన్నవారు సేద్యగాళ్లు. ఇనుముతో పని ఎరిగినవారూ, నేర్చుకోగలవారూ, ఊరు విడిచి రాగలవారూ పట్టాల పొడుగునా ఎక్కడెక్కడినుండియో వచ్చినారు. ఛత్తీసుగఢు, బీహారు, ఒరిస్సా, పంజాబు, తెలుగుదేశం. ఇంగ్లీషువారు, ఆంగ్లో ఇండియన్లు డ్రైవర్లుగా, ఫోర్మన్లుగా వచ్చినారు. బెంగాలీ బాబులు కచేరీ బల్లల దగ్గర కూర్చున్నారు. తెలుగువాడు ఎక్కువగా ఖలాసిగా, గ్యాంగుమానుగా, ఫిట్టరుగా, బాయిలరు దగ్గర పనివాడుగా ప్రవేశించినాడు. కంపెనీ ఊరికి కూడ కర్మాగారపు క్రమమే కట్టినది. ఎవని జీతమెంతో వాని ఇంటి గోడ ఎత్తు అంత. దొరలకు విశాలమైన తోటలలో బంగళాలు. పనివారికి వీపులు ఆనించుకొని నిలిచిన వరుసయిళ్లు. ఆటపాటలకు ఇన్‌స్టిట్యూట్లు కూడ దొరలకు వేరు, భారతీయులకు వేరు. ఒక మనిషి ఏ వీథిలో ఉన్నాడో చెబితే వాని ఉద్యోగమేమో, చర్మం రంగేమో చెప్పవచ్చునన్నమాట.

రైలు ఊళ్లను పుట్టించడం మన దేశంలోనే జరిగినది కాదు. జపానులో ఒసాకా నగరానికి ఉత్తరాన ఇకెదా అనే ఊరున్నది. కొబయాషి ఇచిజో అనే వ్యాపారి 1910లో అటువైపు ఒక విద్యుద్రైలు మార్గం తెరిచినాడు. ఆ దారిలో అప్పటికి ఎక్కేవారు లేరు. ఎక్కేవారిని తానే పుట్టించదలచి, పట్టాల ప్రక్కన భూమి కొని, ఇళ్లు కట్టి, నెలనెలా వాయిదాలమీద నగర ఉద్యోగులకు అమ్మినాడు. మార్గం రెండవ కొసన తకరజుకాలో వేడినీటి స్నానశాల పెట్టినాడు. 1914నుండి అక్కడ బాలికలచేత గేయనాటికలు ఆడించినాడు. ఆ నాట్యసంస్థ ఈనాటికీ జీవించి ఉన్నది. జపానులో అనేక నగర పరిసరాల చరిత్ర ఈ తీరుగానే మొదలైనది. ప్రొద్దున రైలెక్కి నగరానికి పోయి, రాత్రికి వచ్చి నిద్రించే ఊళ్లు అవి. ఖరగపూరు వీటికి తలక్రిందులు. అక్కడ కంపెనీ ఇల్లు అమ్మినది, ప్రయాణికుని కొరకు. ఇక్కడ కంపెనీ ఇల్లు ఇచ్చినది, పనివాని కొరకు. ఇచ్చినది తిరిగి తీసుకొనే షరతుమీద. ఇకెదాలో ఉద్యోగి వాయిదాలు తీరినప్పుడు ఇంటి యజమాని అయినాడు. ఖరగపూరులో ఉద్యోగి పదవీవిరమణనాడు తాళంచెవులు అప్పగించినాడు. ఒక ఊరికి సొంతదారులుండడానికీ, ఉద్యోగులు మాత్రమే ఉండడానికీ గల భేదం ఇంతింతనరానిది. ఆ మాట మరల ప్రస్తావనకు వస్తుంది.

(ఖరగపూరునుండి హౌరాకు 115 కిలోమీటర్లు. 1960 దశాబ్ది చివర ఆ మార్గానికి విద్యుత్తు వచ్చి, లోకల్ బండ్లు నడవడం మొదలైన తరువాత ప్రొద్దుటి బండికి కలకత్తా పోయి రాత్రికి తిరిగివచ్చే ఉద్యోగులు ఇక్కడ కూడ తయారైనారు. జపాను లక్షణం కొంత ఆలస్యంగా పట్టుకున్నదనవలె.)

ఉత్తరాంధ్రనుండి వలసపోవడానికి ఆ రోజులలో ఇంకొక పెద్దదారి ఉండేది. అది రంగం దారి. ఓడెక్కి రంగూనుకు పోయి, రేవులో బరువులు మోసి, ధాన్యపు మిల్లులలో పనిచేసి, డబ్బు కూడబెట్టి రావడం. రంగం పోయినవారి కథలు మన జానపదుల నోళ్లలో ఇంకను వినిపిస్తవి. కాని 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలమీద దొమ్మీ జరిగినది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు మనవారు కాలినడకన అడవులు దాటి, దారిలో రాలిపోగా మిగిలినవారు ఇల్లు చేరినారు. ఖరగపూరు పోయినవానికి ఇట్టి గతి పట్టలేదు. సముద్రం అడ్డులేదు, పండుగకు ఇంటికి రావచ్చును, రైలు ఉద్యోగికి పాసు ఉన్నది. విశాఖకు సుమారు 760 కిలోమీటర్లు. ఒక రాత్రి ప్రయాణం. పిల్లను సొంతవూరి సంబంధానికే ఇచ్చేవారు, కోడలిని అక్కడినుండే తెచ్చుకొనేవారు. రంగం తెలుగు మాసిపోయి, ఖరగపూరు తెలుగు నిలిచినదంటే అందుకు భాషాభిమానమొక్కటే కారణం కాదు. రైలు పాసుకు కూడ అందులో వాటా ఉన్నది.

ఇక ఆ ఊరి చరిత్రలో ముఖ్యమైన ఘట్టానికి వస్తాను. 1927 ఫిబ్రవరిలో ఖరగపూరు కార్మికులు సమ్మెకు దిగినారు. స్టేషనులో వారిమీద తుపాకులు పేలినవి. ఒక నెల తరువాత పని మొదలైనది గాని శాంతి నెలకొనలేదు. అదే యేడు సెప్టెంబరులో కంపెనీ వర్క్‌షాపులో మనుషులను తగ్గిస్తానన్నది. జీతంతో పాటు ఇల్లు కూడ కంపెనీదైన ఊరిలో ఉద్యోగం తీసివేయడమంటే ఊరినుండి వెళ్లగొట్టడమే. పనివారు మరల ఎదిరించినారు. కంపెనీ వర్క్‌షాపు తలుపులు మూసినది. డిసెంబరుదాక అవి తెరువబడలేదు. ఈ పోరాటాలకు ముందు నిలిచిన నాయకుడు వరాహగిరి వేంకటగిరి. గంజాం జిల్లా బరంపురంలో పుట్టినవాడు, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి అక్కడి స్వాతంత్ర్యోద్యమపు వేడి తగిలించుకొని 1916లో తిరిగివచ్చినవాడు. 1927లోనే జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సభకు భారత కార్మికుల ప్రతినిధిగా పోయినాడు. గిరిగారి పుట్టినవూరు బి.ఎన్.ఆర్. మార్గంమీదిదే. తరువాత 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ ఊరు అందులోకి పోయినది. ఊరు కదలకుండానే మనుషులు పరరాష్ట్రీయులైనారు. సరిహద్దులు ఎట్టివో ఎరిగిన మనిషి పలుభాషల కార్మికులను ఒక్కచోట నిలిపినాడనడంలో నాకు వింత కనిపించదు. నేడు ఖరగపూరునుండి మేదినీపురం పోయే దారిలో మొదటి స్టేషను పేరు గిరి మైదాన్. ఆ పేరు వినగానే తెలుగువానికి ఎవరు తలపుకు వస్తారో చెప్పనక్కరలేదు.

ఆ కథకు వెనుకటి ముక్క ఒకటి నలుబది యేడేళ్లకు వచ్చినది. 1974 మే 8వ తేదీన దేశమంతటా రైలు కార్మికులు సమ్మె చేసినారు. స్వతంత్ర భారతంలో అంత పెద్ద సమ్మె అంతకుముందు జరుగలేదు. వేలకొలది అరెస్టులు జరిగినవి. రైల్వే క్వార్టర్లనుండి కుటుంబాలను ఖాళీ చేయించడం ఒక ఆయుధమైనది. ఇరువది రోజులలో సమ్మె అణగిపోయినది. ఖరగపూరు ఆ సమ్మెకు బలమైన కేంద్రాలలో ఒకటి. ఆ మే నెలలో రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఎవరు? వి. వి. గిరి. 1927లో ఖరగపూరు తలుపులు తెరిపించడానికి పాటుపడినవాని హయాములో ఆ ఊరి కార్మికులు తిరిగి వీథిన పడినారు. రాష్ట్రపతి అధికారాలెంతో, మంత్రివర్గం మాట ఎంతో ఎరిగినవారు ఆయనను నిందించరు. అయినా ఒక నవలాకారునికి ఈ రెండు సంవత్సరాలు చాలును. మనలో ఏ నవలాకారుడూ ఆ రెంటిని కలిపి చూచినట్లు నాకు కనిపించలేదు.

సుభాష్‌పల్లి పేరు ఇక్కడ ఎత్తుకోవలె. ఖరగపూరు ప్రక్కనే హిజ్లీ ఉన్నది. విచారణ లేకుండ నిర్బంధించిన దేశభక్తులను ఉంచడానికి 1930లో ప్రభుత్వం అక్కడ శిబిరం తెరిచినది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన ఖైదీలమీద కాల్పులు జరిపినారు. సంతోషకుమార మిత్ర, తారకేశ్వర సేనగుప్త మరణించినారు. సుభాసు చంద్రబోసు స్వయంగా వచ్చి వారి శవాలను తీసుకొనిపోయినాడు. ఆ నెల 26వ తేదీన కలకత్తాలో జరిగిన నిరసనసభకు, దేహం సహకరించకపోయినా, రవీంద్రుడు అధ్యక్షత వహించినాడు. ఆ శిబిరపు కట్టడంలోనే 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాదు దేశంలోని మొదటి ఐ.ఐ.టి.ని ప్రారంభించినాడు. చెరసాల బడి కావడం సామాన్యం కాదు. నాటినుండి ఖరగపూరుకు రెండు రకాల తెలుగువారు వస్తున్నారు. ప్రవేశపరీక్షలో నెగ్గి హిజ్లీ వైపు పోయేవారు ఒకరు. తాతనాటినుండి ఇటు వర్క్‌షాపు వైపున ఉన్నవారు ఒకరు. ఒకే రైలులో వస్తారు, ఒకే ప్లాట్‌ఫారంమీద దిగుతారు. నాలుగేళ్లు ఆ ఊరిలో చదివి, ఆ ఊరిలో తెలుగు పేట ఉన్నదని తెలియకుండా వెళ్లినవారిని నేనెరుగుదును.

ఆ ప్లాట్‌ఫారం సంగతి కూడ చెప్పి వేస్తాను, లేకుంటే చదువరులు అడుగుతారు. దాని పొడవు 1072 మీటర్లకు పైచిలుకు. ప్రపంచంలో దీర్ఘమైనదని మన చిన్ననాటి సామాన్యజ్ఞాన గ్రంథాలన్నీ వ్రాసినవి. 2013లో గోరఖపూరు, తరువాత హుబ్బళ్లి దానిని దాటినవి. అది నిజానికి ఒక కొసన ఒక అంకె, రెండవ కొసన మరొక అంకె వేసుకొని రెండు బండ్లను వరుసగా నిలుపుకొనే ఒకే దిమ్మ. ఖరగపూరువారికి ఈ ఓటమి పెద్దగా బాధించినట్లు లేదు. నడిచే కాళ్లకు పొడవేమి గొప్ప!

సుభాష్‌పల్లి రైల్వేవారి వరుసయిళ్లలోనిది కాదు. బెంగాలులో దేశనాయకుల పేరిట వెలసిన పేటలు అనేకం. పల్లి అంటే వారికి పేట. మనవారి చెవికి అది పల్లె. ఖరగపూరులోనే బాలాజీ మందిర్ పల్లి అని ఒక పేట ఉన్నది. ఆ మూడు మాటలలో తిరుపతివాడు, హిందీవాడు, వంగదేశంవాడు కలిసి కాపురమున్నట్లు లేదూ! రైల్వే భూమి చాలాకాలం పురపాలక సంఘానికి చెందనిది. 1954లో సంఘం ఏర్పడిన తరువాత కూడ 2001 జనాభా లెక్కలదాక రైల్వే వాడను వేరే పట్టణంగానే లెక్కపెట్టినారు. ఒక ఊరిలో రెండు ఊళ్లు. ఒకదానిలో జీతమున్నంతకాలం ఉండవలె. రెండవదానిలో ఇల్లు కొన్నవాడు ఉండవచ్చును. పదవీవిరమణ దగ్గరపడిన తెలుగు కార్మికుడు ఏమి చేయవలె? సొంతవూరికి పోవలె, లేదా హద్దు దాటి ఇటువైపున ఒక చిన్న స్థలం కొనవలె.

నేను సుభాష్‌పల్లిలో ఒక పెద్దాయన ఇంట రెండు పూటలు ఉన్నాను. వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విరమించినవాడు. తండ్రి కూడ అదే పని; తాత గ్యాంగులో పనిచేసినాడట. శ్రీకాకుళంవైపు సొంతవూరిలో అన్నదమ్ముల వాటాకు వచ్చిన అర ఎకరం అమ్మి ఈ ఇల్లు కట్టినాడు. ఆ అమ్మకం గూర్చి అడిగితే కొంతసేపు మాటలాడలేదు. తరువాత అన్నాడు: "క్వార్టరు కంపెనీది బాబూ. ఉజ్జోగం అయిపోనాక తాళాలిచ్చీడవే గదా. అక్కడికెళ్తే నన్ను ఖరగపూరోడంటారు. ఇక్కడుంటే మదరాసీ అంటారు. ఈ ఇల్లు మటుకు నాదే." ఆంధ్రరాష్ట్రం 1953లో ఏర్పడినది, 1956లో విస్తరించినది; ఆయనను ఇంకను మదరాసీ అనేవారున్నారు. ఉత్తర భారతంలో ఈ మాటకు మరణం లేదు.

ఆయన తెలుగు నాకు ఆశ్చర్యం కలిగించినది. శ్రీకాకుళం జిల్లాలో సినిమాలూ పత్రికలూ అరగదీసిన పలుకుబడులు ఆయన నోట చెక్కుచెదరకుండ ఉన్నవి. వలసపోయిన భాష నిలువనీటి వలె పాతరూపాన్ని కాపాడుకుంటుందని భాషావేత్తలు చెప్పగా విన్నాను. ఐతే ఆ నీటిలో కొత్త చేపలు కూడ ఉన్నవి. పేటను పాడా అన్నాడు, పొరుగువానిని దాదా అని పిలిచినాడు, పనిముట్ల పేర్లన్నీ ఇంగ్లీషు మాటల విరుపులు. ఇంటి ఇల్లాలు వంటింట ఆవ పెట్టిన చేప వండినది. పండుగకు అరిసెలూ చేస్తుంది. వేసవిలో తెలుగువారు మాతాపూజ చేసుకుంటారు. ఘటాలెత్తుకొని, డప్పులతో వీథులు తిరిగి, అమ్మవారిని చల్లబరచడం. ఉత్తరాంధ్ర గ్రామదేవత ఈ కంకరనేలమీద దుర్గాపూజల మధ్య తన రోజులు తాను దక్కించుకున్నది. ఆ ఊరేగింపు చూడడానికి బెంగాలీలు, ఒరియాలు, బీహారీలు కూడ నిలబడతారు.

అంతా మంచియే అని నేను వ్రాయను. రైల్వే పాత ఇనుము వేలంపాటల చుట్టూ కొన్ని దశాబ్దాలు ఆ ఊరిలో దౌర్జన్యం పెరిగినది, హత్యలు జరిగినవి. పత్రికలకెక్కిన పేర్లలో తెలుగు పేర్లు కూడ ఉన్నవి. తెలుగువారంటే ఆ పేర్లే బయటివారికి గుర్తుండడం, వేలకొలది ఫిట్టర్లకు జరిగిన అన్యాయం.

ఇప్పుడు మన సాహిత్యం మాట. బెంగాలుతో తెలుగువానికి ఉన్న పరిచయం పుస్తకాలద్వారా ఏర్పడినది. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ మొదలైనవారి అనువాదాలవల్ల శరత్‌బాబు మన ఇళ్లలో మనిషైనాడు. అతడు తెలుగువాడే అనుకొన్న పాఠకులు ఉండేవారని చెప్పుకుంటారు. ఆ శరత్తు తన జీవితపు చివరి దశాబ్దంలో చాలా భాగం రూపనారాయణ నది ఒడ్డున సామతాబేడులో గడిపినాడు. ఆ పల్లెకు రైలు స్టేషను దేవుల్టి. అది హౌరా-ఖరగపూరు మార్గంమీదిదే. ఆయన వరండాలో కూర్చొని వ్రాసుకొనే రోజులలో, ఆయన వాకిటికి కొద్ది దూరాన సాగే పట్టాలకు ఖరగపూరులో వేలకొలది తెలుగువారు సేవచేస్తున్నారు, 1927లో సమ్మె చేస్తున్నారు. మనం శరత్తు గదిలోని దీపాన్ని చూచినాము, పట్టాలమీది లాంతరును చూడలేదు. ఇది ఒకరిని తప్పుపట్టి చెప్పేమాట కాదు. నేనును బెంగాలును ఆ నవలలలోనే చాలాకాలం వెదకినవాడను.

ఆ లోటు ఇప్పుడు తీర్చవలెనంటే ఆధారాలు ఎక్కడున్నవి? కంపెనీ దస్తావేజులు ఇంగ్లీషులో ఉన్నవి. అందులో కార్మికుడు ఒక అంకె. కార్మికుని మాట ఉన్నది ఉత్తరాలలో, మనియార్డరు కాగితాలలో, సంఘాల కరపత్రాలలో, నాటకసమాజాల పద్దు పుస్తకాలలో. ఇవి ఉండవలసిన చోటు ఇల్లు. ఇల్లు కంపెనీది. ప్రతి పదవీవిరమణకూ ఒక క్వార్టరు ఖాళీ అవుతుంది. ఖాళీచేసేటప్పుడు మంచాలూ బిందెలూ బండికెక్కుతవి; కాగితాలు తూకానికి పోతవి. నూరేండ్లుగా ఆ ఊరిలో తెలుగువారి చరిత్ర ఇట్లు శేర్లలెక్కన అమ్ముడుపోయినది. సొంత ఇల్లు కట్టుకొన్న సుభాష్‌పల్లి వంటి చోట్లలోనే ఏదైనా మిగిలి ఉండడానికి అవకాశమున్నది.

పాత అనుబంధం కూడ సడలినది. 1944 అక్టోబరు 1న కంపెనీ ప్రభుత్వపరమైనది. 1955 ఆగస్టులో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడినప్పుడు ఖరగపూరు, వాల్తేరు ఒకే గొడుగు క్రింద నిలిచినవి. 2003 ఏప్రిలులో ఈస్టు కోస్టు రైల్వే ఏర్పడి వాల్తేరు అందులోకి పోయినది. నూరేండ్ల క్రిందట కలిపిన గీతను చెరిపి మరొక గీత గీసినట్లయినది. ఇక విజయనగరం కుర్రవానికి రైలు ఉద్యోగమంటే ఖరగపూరే అని చెప్పే కారణం లేదు. ఉద్యోగాలే తగ్గినవి. కొత్తగా వచ్చేవారు లేని వలసపేటలో ఉన్నవారి పిల్లలే భాషకు దిక్కు.

అట్టి సమయంలో ఒక గౌరవం వచ్చినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికారభాషా ప్రతిపత్తి ఇవ్వ నిర్ణయించినది. ఖరగపూరు తెలుగువారి చిరకాలపు కోరిక అది. అంతకుముందునుండియే ఎన్నికలు వచ్చినప్పుడు గోడలమీద తెలుగు అక్షరాలు కనిపిస్తూ ఉండేవి. ఓటును అడిగే వేళ ఏ పార్టీకైనా భాషలన్నీ ముద్దే. తెలుగులో బోధించే బడులు ఆ ఊరిలో ఉన్నవి. కాని అక్కడి పిల్లవాని కష్టం మన పిల్లవానికి తెలియదు. పాఠ్యప్రణాళిక బెంగాలుది, మన రాష్ట్రాల వాచకాలు దానికి అతుకవు. దానికి సరిపడే తెలుగు పుస్తకం ఎవరో వ్రాయవలె, కొద్దిమంది కోసం అచ్చువేయవలె, చెప్పే ఉపాధ్యాయుడు దొరకవలె. తరువాత చదువు ఏ భాషలో? ఈ ప్రశ్నకు జవాబు తోచక తల్లిదండ్రులు బిడ్డను ఇంగ్లీషు బడిలోనో హిందీ బడిలోనో వేస్తున్నారు. వారిని అనడానికి మనకు నోరెక్కడిది? హైదరాబాదులో, విశాఖలో మనమేమి చేస్తున్నాము?

బయలుదేరే రోజున పెద్దాయన మంచం క్రిందినుండి ఒక ఇనుప పెట్టె లాగినాడు. వర్క్‌షాపు రేకుతో తండ్రి స్వయంగా చేసినదట. అందులో పోస్టుకార్డులు, దారంతో కట్టి, ఉన్నవి. ఊరినుండి తాతకు వచ్చినవి. వానలు పడలేదని, చెల్లెలి పెండ్లికి డబ్బు చాలలేదని, ఎద్దు చచ్చిపోయినదని, ఈ సంక్రాంతికైనా రమ్మని. ఎవరిచేతనో వ్రాయించినవి, దస్తూరీలు మారుతూ ఉన్నవి. మనుమడు కాలేజీలో చదువుతున్నాడు. తెలుగు చక్కగా మాటలాడుతాడు, చదువలేడు. వీటిని ఏమిచేయాలని నేను అడుగబోయేలోపల ఆ కుర్రవాడు తన పుస్తకం తెచ్చి చూపినాడు. తాత కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్క కార్డు పైకి చదువుతుంటే అతడు వ్రాసుకుంటున్నాడు. అప్పటికి పదిహేడు కార్డులు అయినవి. మాటలు తెలుగు, వ్రాసినది బెంగాలీ అక్షరాలలో.